గిట్టకు మారుగిట్ట లేదు

విశాఖపట్టణమున గాజువాక ప్రాంతమందు ఆటోనగరు కలదు. ప్రొద్దు పొడిచినది మొదలు అచ్చట సుత్తి చప్పుళ్ళు వినవచ్చుచుండును. ఓడరేవునకును, ఉక్కు కర్మాగారమునకును సరకులు మోయు లారీలు మరమ్మతుకై అచ్చటికి వచ్చి బారులు తీరి నిలుచును. టైరు పగిలినచో టైరును, బేరింగు అరిగినచో బేరింగును, కమాను పట్టీ విరిగినచో పట్టీని మార్చి, పనివారు బండిని మరల దారి పట్టింతురు. చెడిన ప్రతి భాగమునకును మారుభాగము దొరకుటయే అట్టి తావుల గొప్పతనము.

ఆ వీధిలోనికే ఒక తట్టువ గుఱ్ఱము వచ్చినదనుకొందము. అది రాత్రి పెండ్లి ఊరేగింపులో వరుని మోసినది. పగలు సముద్రతీరమున పిల్లలను త్రిప్పి నాలుగు రూకలు తెచ్చునది. అది కష్టపడనిదే యజమాని యింట పొయ్యిలోని పిల్లి లేవదు. నేడు ఆ గుఱ్ఱము అడుగు తీసి అడుగు వేయలేక నిలిచిపోయినది. చుట్టును నేర్పరులైన పనివారు ఎందరో యున్నారు. కాని దాని కాలికి మార్చుటకు భాగము మాత్రము ఎవరి దుకాణమునను లేదు. అప్పుడు ఏమి చేయవలెను?

ఈ ప్రశ్నకు బదులు చెప్పుటకు ముందు గిట్ట యొక్క నిర్మాణమును తెలిసికొనవలెను. పైకి చూచినచో గిట్ట కొయ్యముక్కవలె కఠినముగా నుండును. నిజమునకు అది మన గోరువంటిది. ఆ గోటిపెట్టె లోపల ఒక యెముక కలదు. ఆ యెముకను గిట్ట గోడకు అంటిపెట్టి యుంచునవి సన్నని పొరలు. పుట్టగొడుగును తిరగవేసి చూచినచో గొడుగు క్రింద దగ్గర దగ్గరగా పొరలు కనబడును గదా! గిట్ట లోపల గోడనుండి కొన్ని పొరలును, యెముక వైపునుండి కొన్ని పొరలును బయలుదేరి, రెండు చేతుల వ్రేళ్ళు పెనవేసికొన్నట్లు ఒకదానిలో నొకటి ఇమిడి యుండును. ఇట్టి పొరలు ఒక్కొక్క గిట్టలో సుమారు 550 మొదలు 600 వరకు ఉండును. ఒక్కొక్క పొరకు మరల నూరుకు పైగా చిన్న పొరలు కలవు. గుఱ్ఱపు బరువంతయు ఈ పట్టు మీదనే వ్రేలాడుచున్నదనిన అతిశయోక్తి కాదు. అందులోను నూటికి అరువది పాళ్ళ బరువు ముందుకాళ్ళ మీదనే పడును.

ఈ పొరలు వాచి, పట్టు సడలు వ్యాధిని పశువైద్యులు లామినైటిస్ అందురు. సుత్తిదెబ్బ తగిలిన గోరు క్రింద రక్తము గడ్డకట్టినప్పుడు ఎంత పోటు పుట్టునో ఆటోనగరు పనివారికి బాగుగ తెలియును. చర్మము వాచినచో ఉబ్బుటకు చోటుండును. గోరు క్రింద ఆ చోటు లేదు. గుఱ్ఱమునకు గిట్ట లోపల కలుగు బాధయు అట్టిదే. పైగా అది ఆ బాధ మీదనే నిలువవలెను. పట్టు మిక్కిలి సడలినచో, కాలి వెనుకనున్న స్నాయువు లాగుటచేత లోని యెముక తిరిగి క్రిందికి వాలును. ఒక్కొక్కప్పుడు అది అడుగుభాగమును చీల్చుకొని బయట పడును. అంతవరకు వచ్చిన పిదప ప్రాణము నిలుచుట కష్టము.

ఈ వ్యాధికి మొదటి కారణము చాలమారులు మేతలోనే యుండును. క్రీస్తుకు పూర్వము 4వ శతాబ్దమున గ్రీకు పండితుడగు అరిస్టాటిల్ యవలు మితిమీరి తినిన గుఱ్ఱమునకు రోగము కలుగునని వ్రాసెను. గుఱ్ఱము గడ్డి తినుటకు పుట్టిన జంతువు. గింజలు ఒక్కసారిగా ఎక్కువ తినినచో అవి సరిగా అరుగక పెద్ద ప్రేగును చేరి పులియును. అందు పుట్టిన విషములు రక్తమున కలిసి గిట్టలోని పొరలను చెఱచును. తట్టువ గుఱ్ఱములు కొలది మేతతోనే బ్రతుకగల జాతి. వానికి తీపి పదార్థములు, లేత పచ్చిక మితిమీరినచో ఇన్సులిన్ అను రసము రక్తమున హెచ్చి, ఆ హెచ్చుదల చేతనే పొరలు బలహీనపడునని నేటి శాస్త్రజ్ఞులు కనుగొనిరి. గుఱ్ఱము గుడ్డిదైనను దాణా తప్పదని సామెత. దాణా తప్పదు, నిజమే. కాని దాణాకు మితియు తప్పదు. బెల్లము, రొట్టెలు, పెండ్లివిందులో మిగిలిన అన్నము ప్రేమతో పెట్టువారు ఆ ప్రేమయే గిట్టకు కీడగునని యెఱుగరు. గట్టి రోడ్డుమీద ఎడతెగని పరుగు, ఈనిన పిదప మాయ పడకుండుట, ఒక కాలు గాయపడి బరువంతయు రెండవ కాలి మీద చాలకాలము మోపుట కూడ ఈ వ్యాధికి కారణములగును.

వ్యాధిని తొలినాడే గుర్తించుట యజమానికి ముఖ్యము. గుఱ్ఱము ముందుకాళ్ళను ముందుకు చాచి, బరువును వెనుకకు వేసి, వాలి నిలుచును. ముండ్ల మీద నడచినట్లు జాగ్రత్తగా అడుగు వేయును. మలుపు తిరుగుమన్నచో మొరాయించును. దీనిని పొగరుగా తలచి కొరడా యెత్తుట ఘోరమైన పొరపాటు. గిట్ట మీద అరచేయి యుంచినచో వేడి తగులును. గిట్టకు కొంచెము పైన కాలి వెనుక ప్రక్కలందు వ్రేలుంచినచో నాడి బలముగా కొట్టుకొనుచుండుట తెలియును.

కుంటు ప్రతి గుఱ్ఱమునకును ఈ వ్యాధియే యనుకొనరాదు. ఆటోనగరు వంటి వీధులలో మేకులు, ఇనుప ముక్కలు నేలపై పడి యుండును. ఒక్క కాలే కుంటుచున్నచో అడుగున మేకు దిగినదేమో, చీము పట్టినదేమో చూడవలెను. మేకు కనబడినచో తొందరపడి లాగివేయరాదు. అది ఎంత లోతున, ఏ దిక్కుగా దిగినదో వైద్యుడు చూచుట మేలు. అంతవరకు మరింత లోనికి దిగకుండ చుట్టును మెత్త కట్టవలెను. గుఱ్ఱములకు ధనుర్వాతము సులభముగా సోకును. కావున టీకా మరువరాదు. తడిలో, పేడలో నిలిచిన గుఱ్ఱమునకు గిట్ట అడుగున నడుమనుండు త్రికోణాకారపు మెత్త నల్లబడి, కుళ్ళి, దుర్వాసన కొట్టును. దీనికి శుభ్రతయు, పొడినేలయు మొదటి మందులు.

లామినైటిస్ అని అనుమానము కలిగినంతనే పశువైద్యుని పిలువవలెను. 1962 అను సంఖ్యకు టెలిఫోను చేసినచో సంచార పశువైద్యశాల సాయము లభించును. ఈలోగా గింజలను, తీపిని పూర్తిగా మానిపించవలెను. గుఱ్ఱమును నడిపింపక, మడమలోతు ఇసుక గాని గడ్డి గాని పరచిన మెత్తని నేలపై నిలుపవలెను. తొలి రెండు మూడు దినములు గిట్టలను మంచునీటిలో ఉంచుట మేలు చేయునని వైద్యులు చెప్పుదురు. విశాఖలో చేపల రేవు కలదు. కావున మంచుగడ్డకు కొరత లేదు. ఎండుగడ్డిని గంటసేపు నీట నానబెట్టి, ఆ నీరు పారబోసి పెట్టినచో అందలి తీపి కొంత తగ్గును. మనుష్యులు వాడు నొప్పిమాత్రలను సొంత తెలివితో పెట్టరాదు. మందును, మోతాదును వైద్యుడే నిర్ణయింపవలెను. పిదప ఎక్స్‌రే చిత్రమును చూచి, లాడములు కొట్టువాడు వైద్యుని సలహాతో గిట్టను చెక్కవలెను. ఆరోగ్యముగా నున్న గుఱ్ఱమునకు సైతము ఆరు మొదలు ఎనిమిది వారముల కొకసారి గిట్టలు చెక్కించుటయు, ప్రతిదినము వాని అడుగులను శుభ్రపరచుటయు అవసరము.

ఇంత చేసినను గుఱ్ఱము మరునాడే పనికి రాదు. గిట్ట నెలకు 6 మొదలు 10 మిల్లీమీటర్లు మాత్రమే పెరుగును. పైనుండి బయలుదేరిన క్రొత్త గోడ కొనకు చేరుటకు 9 మొదలు 12 నెలలు పట్టును. ఇదియే యజమానికి నిజమైన పరీక్ష. ఒక దినము పని మానినచో ఆనాటి కూలి పోవును. పని మానకున్నచో గుఱ్ఱమే పోవును. దానితో కుటుంబము యొక్క జీవనాధారమే పోవును. తొలినాడు దయతో ఇచ్చిన విశ్రాంతి తుదకు లాభముగానే పరిణమించును.

చట్టము కూడ ఈ దయనే శాసించుచున్నది. జబ్బుపడిన, గాయపడిన జంతువుచే పని చేయించుట 1960 నాటి జంతుహింస నివారణ చట్టము ప్రకారము నేరము. 1965 నాటి నియమములు తట్టువ గుఱ్ఱముపై 70 కిలోగ్రాములకు మించి బరువు వేయరాదనియు, దినమునకు 9 గంటలకు మించి, విరామము లేక 5 గంటలకు మించి పని చేయింపరాదనియు చెప్పుచున్నవి. వేడిమి 37 డిగ్రీలు దాటిన ప్రాంతములందు పగలు 12 మొదలు 3 గంటల వరకు పని కూడదనియు ఆ నియమములందు కలదు.

మీరును సముద్రతీరమున గుఱ్ఱమెక్కుటకు పోవుదురు. ఎక్కుటకు ముందు ఒక్క క్షణము దాని కాళ్ళవంక చూడుడు. అది కాలు మార్చి కాలు మోపుచున్నదా? ముందుకాళ్ళు చాచి వాలి నిలిచినదా? అట్లయినచో ఆనాడు ఎక్కక, ఆ సంగతిని యజమానితో మర్యాదగా చెప్పుడు. లారీ చెడినచో ఆటోనగరు కలదు. నోరులేని ఆ జీవికి మారుగిట్ట లేదు. దానికి ఉన్నది మన కన్ను, మన ఓర్పు మాత్రమే.