ప్లస్ గుర్తు ఎవరి మాట వింటుంది?

ఆన్‌లైన్‌లో పుస్తకాలు అమ్మే పేజీ ఒకటి తయారుచేస్తున్నారనుకుందాం. ధర గడిలో కొనేవారు 250 అని టైపు చేశారు. తపాలా ఖర్చు 40. రెంటినీ జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ప్లస్ గుర్తుతో కలిపితే తెర మీద 25040 అని వస్తుంది. యంత్రానికి కూడిక రాక కాదు. గడిలో ఏం టైపు చేసినా బ్రౌజరు దాన్ని అక్షరాల వరుసగానే, అంటే స్ట్రింగ్‌గానే అందిస్తుంది. ప్రోగ్రాంలో మనమే కొటేషన్ల మధ్య "250" అని రాస్తే దాన్ని స్ట్రింగ్ లిటరల్ అంటారు. కొటేషన్లు తీసేస్తే అదే సంఖ్య. జావాస్క్రిప్ట్‌లో ప్లస్‌కి రెండు పనులున్నాయి. రెండు పక్కలా సంఖ్యలుంటే కూడుతుంది. ఒక పక్కనైనా స్ట్రింగ్ ఉంటే రెండోదాన్నీ స్ట్రింగ్‌గా మార్చి అతికిస్తుంది.

25040 కనీసం కంటికి కనబడే తప్పు. మైనస్ దగ్గర ఆ అవకాశం కూడా లేదు. అతికించడం దాని పని కాదు కాబట్టి, "250" - 40 అని రాస్తే స్ట్రింగ్‌ని సంఖ్యగా మార్చుకుని 210 ఇస్తుంది. జవాబు సరిగ్గా రావడంతో లోపల ఉన్నది స్ట్రింగ్ అన్న సంగతి ఎవరికీ తెలియదు. తర్వాత ఎప్పుడో ధరలను పోల్చే చోట అది బయటపడుతుంది. "10" < "9" అన్నది నిజమేనంటుంది జావాస్క్రిప్ట్. రెండూ స్ట్రింగులైతే నిఘంటువులో మాటల్లా మొదటి అక్షరం నుంచి పోలుస్తుంది మరి. 9 కన్నా 1 ముందుంది, అక్కడితో తీర్పు అయిపోయింది.

జావాస్క్రిప్ట్‌లో ప్లస్ ఏం చేయాలో పక్కనున్న విలువలు తేలుస్తాయి. 1987లో లారీ వాల్ విడుదల చేసిన పెర్ల్ అనే భాషలో మాత్రం పెత్తనం గుర్తుదే. అక్కడ ప్లస్ అంటే కూడిక, అతికించడానికి చుక్క. "5" + "3" రాస్తే 8, "5" . "3" రాస్తే 53. పోలికకు కూడా సంఖ్యలకో గుర్తు, స్ట్రింగులకో గుర్తు. ప్రోగ్రామరు మనసులో ఏముందో గుర్తే చెప్పేస్తుంది.

1991లో గైడో వాన్ రోసమ్ బయటపెట్టిన పైథాన్ భాష "250" + 40 దగ్గర ఆగిపోయి, రకాలు కలవలేదని చెబుతుంది. ఊహించి జవాబివ్వదు. (గుణకారం విషయం వేరు: "3" * 4 అంటే "3333". అక్కడ గుణించడమంటే అన్నిసార్లు రాయడం.) కొత్తగా నేర్చుకునేవారికి ఈ మొండితనమే మేలని నా గట్టి నమ్మకం. ఆగిపోయిన ప్రోగ్రాంని ఆ రోజే సరిచేస్తాం, తప్పు మొత్తంతో నడిచే ప్రోగ్రాం కొనేవాడి జేబుకి చిల్లు పెట్టేదాకా తెలియదు.

జావాస్క్రిప్ట్ రాసేవారు గడిలోంచి వచ్చిన విలువను ముందు సంఖ్యగా మార్చి, ఆ తర్వాతే ప్లస్ వాడండి. మార్చేముందు గడి ఖాళీగా ఉందేమో కూడా చూడండి. ఖాళీ స్ట్రింగ్‌ని, సంఖ్యగా మార్చే నంబర్ ఫంక్షన్‌కి ఇస్తే అది 0 అనే చెబుతుంది.