మీకు తెలుసా? బోదకాలు పురుగుకు రాత్రి డ్యూటీ

బోదకాలు పురుగు ఒంట్లో ఉన్న మనిషికి మధ్యాహ్నం రక్తపరీక్ష చేస్తే ఏమీ దొరక్కపోవచ్చు. అర్ధరాత్రి వేలికొన నుంచి తీసిన చుక్కలో మాత్రం దాని పిల్లలు మెలికలు తిరుగుతూ కనిపిస్తాయి.

పగలంతా అవి ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఉంటాయి. క్యూలెక్స్ దోమ కుట్టే వేళకు, ముఖ్యంగా రాత్రి 10 నుంచి 2 గంటల మధ్య, చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. మన ఊళ్లలో ఫైలేరియా (బోదకాలు) సిబ్బంది గాజు స్లైడ్లు పట్టుకుని రాత్రిపూటే ఇంటింటికీ తిరిగేది అందుకే.

ఇంకా విచిత్రం, ఈ వేళలు మనిషి నిద్రను బట్టి మారతాయి. 1881లో లండన్‌లో స్టీఫెన్ మెకంజీ అనే వైద్యుడు ఒక రోగిని పగలు నిద్రపుచ్చి రాత్రి మేలుకొని ఉంచితే, కొద్ది రోజుల్లోనే పురుగుల రాకపోకలు తలకిందులయ్యాయి. కరీంనగర్ నుంచి వచ్చి దోహాలోని ఫరీజ్ బిన్ మహమూద్‌లో గది తీసుకుని నైట్ షిఫ్టు చేసే తమ్ముడి ఒంట్లో ఈ పురుగు ఉంటే, దానికీ ఇదే వర్తిస్తుంది.

గల్ఫ్‌కు వచ్చేముందు చేసే మెడికల్‌లో ఫైలేరియా స్లైడ్ పరీక్ష ఉంది; రక్తం ఇచ్చేది సాధారణంగా పగలే. పెద్ద పురుగులేమో 6 నుంచి 8 ఏళ్లు బతుకుతాయి. అందుకే కాలు వాస్తున్నా, గజ్జల్లో బిళ్లలు కట్టి జ్వరం మళ్లీ మళ్లీ వస్తున్నా పాత నెగెటివ్ రిపోర్టును నమ్ముకుని ఊరుకోవద్దు. యాంటిజెన్ స్ట్రిప్ పరీక్ష ఏ వేళలోనైనా చేయించుకోవచ్చు.