తెగినట్లు తెలియని సంబంధము

మదనపల్లె టమాటా మండీలో వ్యాపారి పద్దు పుస్తకమును చూచిన వారికి ఈ విషయము సులభముగా బోధపడును. పుంగనూరు ప్రాంతము నుండి వచ్చిన రైతు పేర ఒక పుట తెఱవబడును. పెట్టెలెన్ని దిగినవి, ధర యెంత పలికినది అను లెక్కలు అందు చేరును. రైతు చెప్పి వెళ్లినచో పుట మూయబడును. చెప్పకయే వెళ్లినచో? పుట అట్లే తెఱచి యుండును.

కంప్యూటర్ల నడుమ కనెక్షను అనునదియు నిట్టిదే. అది ఈ కొన నుండి ఆ కొన వఱకు బిగించిన తీగ యని మీలో పలువురు తలంతురు. అది పొరపాటు. వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అను శాస్త్రజ్ఞులు 1974లో ప్రకటించిన పద్ధతి నుండి పుట్టిన టీసీపీ నియమముల ప్రకారము, కనెక్షను రెండు యంత్రముల జ్ఞాపకములలోని రెండు పద్దులు మాత్రమే. ఒక కొన కరెంటు పోయి ఆరిపోయినను, రెండవ కొనకు ఆ సంగతి తెలియదు.

నేను పుంగనూరు ప్రాంతమున ఒక పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడుగా నున్నప్పుడు ఇది అనుభవమునకు వచ్చినది. ఆనాడు విద్యార్థి వేతనముల దరఖాస్తులకు కడపటి దినము. మా గుమాస్తా సాఫ్టువేరు తెఱచి, నలువది మంది పిల్లల వివరములు కూర్చి, భోజనమునకు లేచెను. గంట తరువాత వచ్చి మీట నొక్కగా తెర కదలలేదు. తీగ తెగినదనుకొంటిమి, కాని ప్రక్క కంప్యూటరు చక్కగా పనిచేయుచుండెను. వరండాలో తల్లిదండ్రులు వేచియుండిరి. వారిలో ఆనాటి కూలి మానుకొని వచ్చినవారు పెక్కుమంది.

కుప్పములో చదివిన నా పూర్వ విద్యార్థి యొకడు ఇంజనీరు. కుప్పము ప్రాంతమున హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ 2002లో ఆరంభించిన ఐ-కమ్యూనిటీ ప్రణాళికవలన వెలసిన కేంద్రములలోనే అతడు తొలిసారి కంప్యూటరును చూచెనట. అతడు వచ్చి, "అయ్యవారూ, తీగ తెగలేదు, నడుమ రౌటరు మఱచిపోయినది" అనెను.

రౌటరు తన గుండా పోవు కనెక్షనులను ఒక పట్టికలో వ్రాసికొనును. కొంతకాలము సందడి లేనిచో ఆ పద్దును కొట్టివేయును. 2 గంటల 4 నిమిషములకు లోపల కొట్టివేయరాదని ఇంటర్నెట్ నియమకర్తలు 2008లో చెప్పిరి. మా రౌటరు అంత ఓపిక కలది కాదు.

ఆ వింత లెక్కకు కారణము కలదు. ఉలుకుపలుకు లేని కొనను "ఉన్నావా?" అని పలుకరించు ఏర్పాటు టీసీపీలో కలదు. దానిని కీప్-అలైవ్ అందురు. సాఫ్టువేరు కోరినగాని అది మొదలు కారాదనియు, మామూలు గడువు 2 గంటలకు తగ్గరాదనియు 1989 నాటి నియమము. లినక్సులో ఆ గడువు 7200 సెకనులు. పిమ్మట 75 సెకనుల కొకటి చొప్పున 9 పలుకరింపులు. దేనికిని బదులు రాకున్నచో, మొత్తము 2 గంటల 11 నిమిషముల 15 సెకనులకు గాని కనెక్షను చచ్చినట్లు తేలదు. మీరే గుణించి చూచుకొనుడు.

ఆవలి సర్వరు గతి మఱింత విచారకరము. చచ్చిన పద్దులను బ్రతికియున్నవనియే అది దాచుకొనును. లినక్సులో ఒక ప్రోగ్రాము తెఱచి యుంచదగిన వానికి సామాన్యముగా 1024 హద్దు; కనెక్షనులును ఆ లెక్కలోనివే. ఆ చోటు చచ్చినవానితో నిండినచో, క్రొత్తగా వచ్చువారికి తావుండదు. యంత్రము పాడుకాలేదు, తీగ తెగలేదు, అయినను తలుపు మూతపడును!

ఆనాడు చేయదగినది ఒక్కటే: సాఫ్టువేరును మూసి, మరల తెఱచి, వివరములన్నియు మొదటినుండి కొట్టుట. ఇద్దరు ఉపాధ్యాయులు చదువుచుండ, గుమాస్తా రాత్రి తొమ్మిదింటికి నలువదియవ పేరు చేర్చెను.

మఱునాడు నా శిష్యుడు మా లినక్సు యంత్రములో 7200ను 300గా మార్చి, గంటసేపు ఊరక యుంచి చూచెను. మరల అదే గతి. ఆ సాఫ్టువేరు కీప్-అలైవును కోరియే యుండలేదు! యంత్రమునకు ఎంత చక్కని సెట్టింగు పెట్టినను, కోరని ప్రోగ్రామునకు అది వర్తింపదు. సంగతి వ్రాసి పంపగా, దాని నిర్మాతలు కొన్ని నెలలకు ఆ కోరికను చేర్చిరి. పిమ్మట మా గుమాస్తా నిశ్చింతగా భోజనము చేయుచుండెను.