ఐ.ఏ.ఎస్. పరీక్షకు వైద్యశాస్త్రం: చదివిన డాక్టరమ్మకు జ్ఞాపకశక్తి మందు

పరీక్షల కాలము దగ్గరపడినదంటే మా వికారాబాదు వైద్యశాలకు తల్లిదండ్రుల రాక పెరుగును. అందరి కోరికా ఒక్కటే, జ్ఞాపకశక్తికి మందు. పదవ తరగతి పిల్లవానికో, నీట్ వ్రాయు పిల్లకో అడుగుట నాకు అలవాటే. కాని 2024 జనవరిలో తాండూరు నుండి రైలులో వచ్చిన ఒక తండ్రి ఎం.బి.బి.ఎస్. పూర్తిచేసిన తన కుమార్తెకే ఆ మందు కావలెనన్నప్పుడు నాకు ఒకింత ఆశ్చర్యము కలిగినది.

ఆయనకు నాపరాళ్ల పాలిషింగు వ్యాపారము. ఇరువది ఎనిమిదేండ్ల ఆ అమ్మాయి సివిల్ సర్వీసు పరీక్షకు వైద్యశాస్త్రమును ఐచ్ఛిక విషయముగా తీసుకొన్నది. 2023లో మెయిన్స్ వరకు పోయి అక్కడ ఆగిపోయినది. "అయ్యా, రోజుకు పద్నాలుగు గంటలు కూసుంటది. నిన్న చదివింది ఇయ్యాల యాదికి లేదని ఏడుస్తది. ఏదన్న లేహ్యం ఇయ్యిండ్రి" అన్నాడు తండ్రి. అమ్మాయి మాట్లాడలేదు. ముఖము వాడియున్నది.

ఈ పరీక్ష స్వరూపము తెలియని పాఠకులకు రెండు మాటలు చెప్పవలెను. మెయిన్స్‌లో ఐచ్ఛిక విషయమునకు రెండు పత్రములు, ఒక్కొక్కటి 250 మార్కులు. వైద్యశాస్త్రపు మొదటి పత్రమున శరీర నిర్మాణము, శరీర ధర్మము, జీవరసాయనము, రోగ నిదానము, సూక్ష్మజీవులు, ఔషధశాస్త్రము, న్యాయవైద్యము, విషశాస్త్రము ఉండును. రెండవ దానియందు కాయచికిత్స, శిశువైద్యము, చర్మవ్యాధులు, శస్త్రచికిత్స, ప్రసూతి, స్త్రీరోగములు, సామాజిక వైద్యము. ఒక్కొక్క పత్రమున ఎనిమిది ప్రశ్నలకు ఐదింటికి మూడు గంటలలో సమాధానము వ్రాయవలెను. రెండు పత్రములూ ఒకే దినమున, ఉదయమొకటి, మధ్యాహ్నమొకటి. నాలుగున్నరేండ్లు చదివినదంతయు ఒక్క పగటిలో కాగితముపై పెట్టుట సామాన్యము కాదు. మా ఆయుర్వేద పట్టభద్రులు కూడ ఈ పరీక్షకు అర్హులే గాని, ఐచ్ఛిక విషయముల జాబితాలో ఆయుర్వేదము లేదు. ఆ సంగతి మరొకప్పుడు.

నేను నాడి చూచినాను. నిద్ర ఎట్లున్నదని అడిగినాను. రాత్రి రెండు గంటలకు పడుకొని ఆరుకు లేచుచున్నానన్నది. నీరసము, గుండెదడ, తలనొప్పి, మెట్లెక్కిన ఆయాసము. రాత్రి జాగరణము, వాతప్రకోపము, మనఃశ్రమ అని నిశ్చయించుకొని సారస్వతారిష్టము వ్రాసినాను. రాత్రి అరికాళ్లకు నువ్వులనూనె మర్దన చేయించుమన్నాను. త్వరగా పడుకొనవలెనన్నాను. వచ్చినవారికి తొమ్మిది పాళ్లు ఇదే సరిపోవునని నా అనుభవము, ఆ అనుభవమే ఆనాడు నన్ను మోసగించినది.

మందుతోబాటు చదువు తీరు గూడ కొంత చెప్పినాను. నేను గురుకులమున అష్టాంగహృదయము నేర్చినవాడను. నూట ఇరువది అధ్యాయములు. మా గురువుగారు గ్రంథము ముందు పెట్టుకొని చదువనిచ్చెడివారు కారు. ఉదయము పాఠము, సాయంత్రము గ్రంథము మూసి అప్పగింత. చరకుడు శారీరస్థానము మొదటి అధ్యాయమున స్మృతి కలుగుటకు ఎనిమిది కారణములు చెప్పినాడు. వానిలో సాదృశ్యము, విపర్యయము, అభ్యాసము, పునఃశ్రుతము అను నాలుగును విద్యార్థులందరు తెలిసికొనదగినవి. పోలికతో ఒకటి మరియొకదానిని గుర్తుచేయును. భేదముతోను గుర్తుచేయును. మూత్రపిండ వ్యాధులలో ఒకదానియందు మాంసకృత్తులు అధికముగా పోవుట ప్రధానము, మరొకదానియందు రక్తము పడుట ప్రధానము. రెండింటిని వేర్వేరు దినములలో చదువుటకంటె ఎదురెదురుగా నిలిపి చదివినచో మరపు రాదు. ఆ అమ్మాయి పుస్తకములు చూచినాను. ప్రతి పంక్తికీ పసుపు రంగు పూసియున్నది. రంగు పూయుట చదువుట కాదమ్మా అన్నాను. చదివిన పాఠమును పుస్తకము మూసి, ఇంట ఎవరికైన తెలుగులో బిగ్గరగా చెప్పుమన్నాను.

"ఎవరికి చెప్పాలె తాతా? నాయనమ్మకు తప్ప ఎవరికీ తీరిక లేదు" అన్నది. నాయనమ్మకే చెప్పుమన్నాను.

నెల గడచినది. గురువారములు నేను తాండూరు వెళ్లుదును. అప్పుడు చూచితే నీరసము తగ్గలేదు సరికదా, కడుపులో మంట మొదలైనది. అరిష్టములన్నిటియందు పులియుట వలన పుట్టిన కొంత మద్యాంశము ఉండును. ఆమ్లపిత్తము గలవారికి అది సరిపడదు. నాకు తెలిసిన విషయమే, అడుగవలసిన ప్రశ్న అడుగలేదు. వెంటనే మాన్పించినాను. ఇంతలో తల్లి ఎవరో చెప్పినారని బజారు నుండి స్మృతిసాగర రసము మాత్రలు తెచ్చి పెట్టినదట. పాఠకులు గమనించవలెను: ఇందులో పాదరసముతోబాటు హరితాళము, మనశ్శిల చేరును. ఈ రెండును ఆర్సెనిక్ ఖనిజములే. వైద్యుని పర్యవేక్షణ లేక వీనిని ఇంట వాడరాదు. విషశాస్త్రమున ఆర్సెనిక్ గురించి వ్రాయనున్న డాక్టరమ్మ దిండు క్రిందనే ఆ సీసా ఉన్నది! అదృష్టవశమున మూత తీయలేదు.

అసలు రోగము పట్టినది నాయనమ్మ. ఒకనాటి సాయంత్రము పాఠము రక్తహీనత. ఇనుము లోపించినచో నీరసము, దడ, ఆయాసము కలుగునని, కొందరు మట్టి, సుద్ద, పచ్చి బియ్యము తినుటకు ఆశపడుదురని అమ్మాయి చెప్పుకొంటూ పోవుచున్నది. ముసలామె మధ్యలో ఆపి, "ఏమే బిడ్డా, పొద్దుమాపు బియ్యం బుక్కుతున్నది నువ్వే గదనే?" అన్నది.

ఈ మాట అమ్మాయియే నాకు చెప్పినది, నవ్వుచూ కొంత, కన్నీళ్లతో కొంత. కిందటి పరీక్షలో ఇదే ప్రశ్న సాధన కొరకు పదిసార్లు వ్రాసినదట. కాని ప్రక్కనున్న డబ్బాలోని బియ్యము ఎడమచేత్తో నోట వేసుకొంటూనే వ్రాసినది. అప్పుడు నేను ఆమె కనురెప్ప లాగి చూచినాను. పాలిపోయియున్నది. గోళ్లు చదునై, అంచులు పెళుసెక్కినవి. మొదటి దినముననే చూడవలసిన గోళ్లు! మా శాస్త్రమున పాండురోగము ఐదు విధములని, అందు ఒకటి మట్టి తినుట వలన కలుగునని ఉన్నది. నేను శిష్యులకు పాఠము చెప్పిన అధ్యాయమే అది. ఆమె తన పాఠములో తనను చూచుకొనలేదు, నేను నా పాఠములో ఆమెను చూడలేదు.

రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 7.4 వచ్చినది. స్త్రీలకు 12 ఉండవలెను. మూడేండ్లుగా నెలసరి అధిక రక్తస్రావముతో వచ్చుచున్నదని, చదువు ధ్యాసలో ఎవరికీ చెప్పలేదని అప్పుడు బయటపడినది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. డాక్టరయినంత మాత్రమున ఆ లెక్కకు బయటనున్నామనుకొనుట పొరపాటు.

ఇట్టి స్థితిలో నేను మండూరము ఇయ్యలేదు. కొలిచి తెలిసికొన్న లోపమునకు కొలిచిన మోతాదే మేలు. స్త్రీవైద్యురాలి వద్దకు పంపినాను. ఆమె రక్తస్రావమునకు చికిత్స చేసి, ఇనుము మాత్రలు ఇచ్చినది. ఈ మాత్రలు వాడునప్పుడు లోహభస్మములు కూడ కలిపి పుచ్చుకొనరాదు, ఇనుము రెట్టింపగును. నా వంతు ఆహారమునకు పరిమితమైనది. భోజనముతో టీ త్రాగు అలవాటు మాన్పించినాను. టీలోని వగరు ఇనుమును ఒంటబట్టనీయదు, కనుక భోజనమునకు గంట ఎడము ఉండవలెను. పప్పులోను కూరలోను నిమ్మరసము పిండుకొనుట, ఉసిరి తొక్కు నంజుకొనుట ఇనుము ఇంకుటకు తోడ్పడును. తోటకూర, నువ్వులు, పెసలు, ఇంటి కందిపప్పు సరేసరి. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిపప్పు ఇంటనుండగా ఆ పిల్ల రాత్రులు బిస్కెట్లతో గడిపినదన్న సంగతి నాకు బాధ కలిగించినది.

నిద్ర విషయమున మాత్రము నేను పట్టువదలలేదు. ఆహారము, నిద్ర, బ్రహ్మచర్యము శరీరమునకు మూడు ఊతకోలలని చరకుడు చెప్పినాడు. ఒక ఊతకోల తీసివేసి ఇంటిని నిలుపజూచుట చదువరులకు వ్యసనమైనది. పద్నాలుగు గంటల చదువు తొమ్మిదికి తగ్గించి, ఏడు గంటల నిద్ర పెట్టించినాను. తండ్రికి ఇది రుచించలేదు. "తక్కువ చదివితే ఎట్లయ్యా?" అని రెండుసార్లు ఫోను చేసినాడు. బ్రాహ్మి, శంఖపుష్పి వంటి మేధ్య ద్రవ్యములను నేను తక్కువ చేయుట లేదు. నిద్ర లేని దేహమున, రక్తము లేని దేహమున అవి పనిచేయుటకు చోటు లేదు, అంతే.

సామాజిక వైద్యము చదువునప్పుడు మరియొక మాట చెప్పినాను. పాఠ్యక్రమమున క్షయ నివారణ కార్యక్రమము ఉన్నది: 1962లో మొదలై, 1997లో సవరింపబడి, 2020లో క్షయ నిర్మూలన కార్యక్రమమని పేరు మారినది. ఇవి అందరు వ్రాయునవే. మన అనంతగిరి కొండపై నిజాము కాలమున క్షయ రోగులకు ఆస్పత్రి ఎందుకు కట్టిరి? నాడు మందులేదు, మంచిగాలి, విశ్రాంతి, పుష్టికరాహారమే చికిత్స. రోగిని కొండకు చేర్చు కాలము నుండి మందును రోగి ఇంటికి చేర్చు కాలము వరకు జరిగిన మార్పు మొత్తము ఆ మెట్టపై నిలబడి చూడవచ్చును. ఒక ఆదివారము తండ్రితో వెళ్లి చూచివచ్చినది. ఆ పాఠము మరల చదువవలసిన పని పడలేదన్నది.

జూన్‌లో ప్రిలిమ్స్ గట్టెక్కినది. సెప్టెంబరులో హైదరాబాదులో మెయిన్స్. వైద్యశాస్త్రపు దినమున రెండు పత్రముల నడుమ ఏమి తినవలెనని అడిగినది. కడుపునిండ పెరుగన్నము తిన్నచో రెండవ పత్రమున నిద్ర ముంచుకొనివచ్చును. రెండు ఇడ్లీలు, పలుచని మజ్జిగ చాలునన్నాను. అప్పటికి హిమోగ్లోబిన్ 11.8.

డిసెంబరు జాబితాలో ఆమె పేరు లేదు. మార్కులు వచ్చిన తరువాత, 2025 వేసవిలో, తండ్రి మరల వచ్చినాడు. వైద్యశాస్త్రమున కిందటిసారి కంటె నలుబదియొక్క మార్కులు పెరిగినవి. వ్యాసము, జనరల్ స్టడీసు ముంచినవి. "మల్ల రాస్తదట అయ్యా. ఈసారి నేను అడ్డం చెప్పలే" అన్నాడు. రక్తపరీక్ష కాగితము జేబులో నుండి తీసి నా ముందు పెట్టినాడు, 12.6. మాత్రలు ఆపి మూడు నెలలైనదట. మరి బియ్యమో అని అడిగినాను. డబ్బాకు నాయనమ్మ వేసిన తాళము ఇంకను తీయలేదని చెప్పి, రైలు వేళయినదని లేచినాడు.