సూరతు నేతపనివారును, కేన్సరు పరిశోధనకు ధనసహాయమును

కేన్సరు పరిశోధనకై ఒక జాతీయకేంద్రమును నెలకొల్పవలెననగానే ముందుగా తలపునకు వచ్చునది భవనము. తరువాత యంత్రములు, ఆ తరువాత ధనము. కాని ధనసహాయము చేయు సంస్థలు విజ్ఞాపనను చదువునపుడు మొదట వెదకునది ఈ మూటిలో ఏదియును కాదు. ఈ కేంద్రము ఏ ప్రశ్నకు సమాధానము కనుగొనును? ఆ ప్రశ్నను ఇచ్చటనే ఏల అడుగవలెను? ఇవియే వారి విచారణలు. ఈ రెంటికిని తగిన జవాబు చెప్పగల నగరములలో సూరతు ఒకటి. ఆ జవాబునందు తెలుగు నేతపనివారికి ముఖ్యమైన భాగము కలదు.

తపతీనది ఒడ్డున నున్న సూరతు కృత్రిమపట్టు వస్త్రములకును, వజ్రముల సానపనికిని పేరుపొందినది. 2011 జనాభా లెక్కలలో ఆ నగరపు జనసంఖ్య 44 లక్షలు దాటినది. వరంగల్లు, కరీంనగరు, నల్లగొండ ప్రాంతముల నేతకుటుంబములు అనేకము అచ్చటికి వలసపోయి మరమగ్గములపైనను, రంగుల మిల్లులలోను జీవనోపాధి పొందినవి. లింబాయతు మున్నగు పేటలలో తెలుగుమాట తరచుగా వినబడును. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున సైతము ప్రాథమిక పాఠశాలలను నెలకొల్పుటయే వారి సంఖ్యకు నిదర్శనము.

ఈ పనివారికిని, జనవాడుకలో రాచపుండు అనబడు కేన్సరు వ్యాధికిని సంబంధమేమి? ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన అంతర్జాతీయ కేన్సరు పరిశోధనసంస్థ 1990లో వస్త్రపరిశ్రమకు సంబంధించిన ఆధారములను పరిశీలించినది. రంగుపని చేయువారిలోను, నేతవారిలోను మూత్రాశయపు కేన్సరును, నేతవారిలో ముక్కు లోపలి భాగపు కేన్సరును కొన్ని పరిశోధనలలో హెచ్చుగా కనబడినవి. రంగులు, దారముల ధూళి ఇందుకు కారణములు కావచ్చునని తలంచి, ఆ పరిశ్రమలోని పనిని కేన్సరు కలిగించుటకు అవకాశముగల వానిలో చేర్చినది. అయితే ఈ ఆధారములు పరిమితమైనవని కూడ ఆ సంస్థయే స్పష్టపరచినది. కావున మగ్గము ముందు కూర్చుండిన ప్రతివాడును భయపడవలసిన పనిలేదు. "కావచ్చును" అను మాటను "అవును" అనియో "కాదు" అనియో తేల్చుటకే పరిశోధన అవసరము.

ఈ సంగతి తేల్చుట సూరతునందు సులభము కాదు. భారత వైద్య పరిశోధన మండలి 1981లో జాతీయ కేన్సరు నమోదు కార్యక్రమమును ప్రారంభించినది. దానిలో ఒక ప్రాంతపు లెక్కలోనికి రావలెనన్న రోగి అచ్చట కనీసము ఒక సంవత్సరము నివసించి యుండవలెను. ఇది న్యాయమైన నియమమే. కాని వలసవచ్చిన పనివాడు జబ్బుపడినపుడు తరచుగా తన స్వగ్రామమునకు మరలిపోవును. మూత్రాశయపు కేన్సరు, దానికి కారణమైన వస్తువు సోకిన పదునైదు, ఇరువది సంవత్సరముల పిదపగాని పైకి తేలకపోవచ్చును. అప్పటికాతడు ఊరిలో కూలివాడుగానో, సేద్యగాడుగానో గుర్తింపబడును. మగ్గము సూరతులో మిగులును, వ్యాధి తెలంగాణములోని పల్లెకు చేరును. రెంటిని జతపరచి చూచు ఏర్పాటు లేనిచో నిజము ఎవరి లెక్కలోను కనబడదు.

జనుల వృత్తులనుండియు, అలవాట్లనుండియు ప్రశ్నను గ్రహించుట మన దేశమునకు క్రొత్త కాదు. డాక్టరు వి.ఆర్. ఖానోల్కరు 1945లో, దేశాచారములకును కేన్సరునకును గల సంబంధమును గూర్చి వ్రాయుచు, విశాఖపట్టణ ప్రాంతమున చుట్టను నిప్పు నోటిలోపల నుండునట్లు కాల్చువారికి అంగిలియందు కలుగు కేన్సరును వర్ణించెను. తెలుగువారు ఆ అలవాటును అడ్డపొగ అందురు. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ 1952లో బొంబాయియందు భారతీయ కేన్సరు పరిశోధన కేంద్రమును నెలకొల్పినపుడు దానికి ప్రథమ సంచాలకుడు ఆయనయే. ఆ కేంద్రము 1966లో టాటా స్మారక ఆసుపత్రితో ఏకమై టాటా స్మారక కేంద్రమైనది.

తరువాత బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థవారు, అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థల ధనసహాయముతో, ఇంటింటికి తిరిగి 50,915 మంది గ్రామీణుల నోళ్లను పరీక్షించి 1969లో ఫలితములను ప్రకటించిరి. ఆ పరీక్ష జరిగిన అయిదు జిల్లాలలో శ్రీకాకుళము ఒకటి, గుజరాతులోని భావనగరము మరియొకటి. పిమ్మట 36,000 మంది పొగాకు వాడువారికి హితబోధ చేసి, ఏటేట పరీక్షించి, బోధవలన అలవాటు మానువారు పెరుగుదురనియు, కేన్సరునకు ముందు కనబడు మచ్చలు తగ్గుననియు 1986లో లోకమునకు చూపిరి. ఈ పనికి మేడలకన్న ముఖ్యముగా కావలసినది ఓర్పుతో ఇల్లిల్లు తిరుగు శిక్షితులైన మనుష్యులు.

సంస్థలు కూడ చిన్నగా మొదలై పెద్దవైనవి. తోబుట్టువు 1923లో కేన్సరుతో మరణించుట కనులార చూచిన డాక్టరు ముత్తులక్ష్మిరెడ్డి సంవత్సరముల తరబడి ప్రయత్నింపగా, 1954లో అడయారు కేన్సరు సంస్థ 12 పడకలతో ప్రారంభమైనది. హైదరాబాదున 1955లో కేన్సరు ఆసుపత్రి స్థాపనకు కారకుడైన మెహదీ నవాజ్ జంగు 1960లో క్రొత్తగా ఏర్పడిన గుజరాతునకు ప్రథమ గవర్నరు అయ్యెను. అహమ్మదాబాదులోని గుజరాతు కేన్సరు పరిశోధన సంస్థ 1972లో ప్రభుత్వమును, ప్రజాసంస్థయును చేయి కలిపినందున వెలసినది.

ధనమునకు సంబంధించిన నియమములును ఈ అనుభవమునకు అనుగుణముగనే యున్నవి. 2010 తరువాతి దశాబ్దమున కేంద్ర ఆరోగ్యశాఖ అమలుపరచిన ఉన్నత కేన్సరు చికిత్సా పథకమున రాష్ట్ర కేన్సరు సంస్థకు 120 కోట్ల రూపాయలు, చికిత్సా కేంద్రమునకు 45 కోట్ల రూపాయలు గరిష్ఠ పరిమితిగా నిర్ణయింపబడినవి. సామాన్యముగా నూటికి 60 పాళ్లు కేంద్రమును, 40 పాళ్లు రాష్ట్రమును భరింపవలెను. మంజూరైన మొత్తములో 30 శాతమునకు మించి కట్టడములకు వినియోగింపరాదు. పరిశోధనకు వేడు విజ్ఞాపనయందైతే ప్రశ్న, పద్ధతి, సిబ్బంది, పరికరములు, ఏటేటి వ్యయము, పరీక్షకు లోబడు వారి హక్కులను కాపాడు నైతిక సంఘపు అనుమతి విడివిడిగా చూపవలసి యుండును.

కనుక సూరతు నగరము ఇట్టి కేంద్రమును కోరునెడల తన విజ్ఞాపనయందు మూడు విషయములను స్పష్టపరచవలెను. మొదటిది పేర్ల పట్టిక. రంగుల మిల్లుల హాజరు పుస్తకములనుండియు, మరమగ్గముల కర్మాగారములనుండియు ఎవరు ఏ పనిలో ఎన్ని సంవత్సరములు గడపిరో సేకరింపవలెను. రెండవది పోలిక. పొగాకు పొగయు మూత్రాశయపు కేన్సరునకు కారణమే. బీడీ, సిగరెట్ల లెక్క తీయక నేరమంతయు రంగులపై మోపుట శాస్త్రము కాదు, రంగులను విడిచి బీడీని మాత్రమే నిందించుటయు న్యాయము కాదు. మూడవది పనివాడు ఊరు చేరిన పిదప కూడ అతని యోగక్షేమములను విచారించు ఏర్పాటు. తెలుగు, ఒరియా, హిందీ, మరాఠీ భాషలలో ప్రశ్నాపత్రములు, తెలంగాణములోని ఆసుపత్రులతో ఒడంబడిక, ఇరువది సంవత్సరములు సాగు జీతముల పద్దు లేనిచో ఈ మూడవ పని జరుగదు.

ఈ కార్యము సూరతునకు అసాధ్యము కాదు. 1994 సెప్టెంబరులో ప్లేగు భయమున లక్షలాది జనులు ఆ నగరమును విడిచిపోయిరి. మరుసటి సంవత్సరము కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు కాలమున పారిశుద్ధ్యము చక్కబడినది, ఏ పేటలో ఏ జ్వరము వచ్చెనో దినదినము తెలిసికొను పద్ధతి నెలకొనినది. జ్వరములను దినములవారీగా లెక్కించిన నగరము కేన్సరును సంవత్సరములవారీగా లెక్కించుట నేర్వవచ్చును.

కేంద్రము ఏర్పడువరకు పనివారు చేయదగినదియు కలదు. మూత్రమున నొప్పి లేకున్నను రక్తము కనబడుట, రెండు మూడు వారములకును మానని నోటిపుండు, నోటిలో తెల్లని లేక ఎఱ్ఱని మచ్చ, ఒకే ముక్కురంధ్రము మూసుకొని పోయి రక్తము కారుట మొదలగు చిహ్నములు కలిగినపుడు వెంటనే వైద్యుని చూడవలెను. ఇవి యున్నంతమాత్రమున కేన్సరని నిశ్చయింపరాదు. పరీక్షను మాత్రము వాయిదా వేయరాదు. పొగాకును ఏ రూపమునను వాడకుండుట అన్నిటికన్న మేలు.

వైద్యునితో "నాకు ఈ బాధ" అని చెప్పుటతో ఆగక, ఏ ఊరిలో, ఏ పనిలో, ఎన్ని సంవత్సరములు ఉన్నదియు చెప్పవలెను. పని గుర్తింపుకార్డును, జీతపు చీటీలను భద్రపరచుకొనవలెను. ఆ రెండు మాటలు ఆసుపత్రి పుస్తకమున వ్రాయబడినచో సూరతునందలి మగ్గమునకును, పల్లెలోని రోగికిని నడుమ తెగిన దారము ముడిపడును. రేపటి విజ్ఞాపనకు అదియే మొదటి ఆధారము.