ఆవరణ దాటిన గ్రంథాలయం

సువర్ణరేఖ, ఖర్కాయ్ నదుల సంగమ ప్రాంతంలో వెలసిన జంషెడ్‌పూర్‌ను మనం ఉక్కు నగరంగానే ఎరుగుదుము. సాక్చి గ్రామం చుట్టూ పెరిగిన ఈ పట్టణానికి 1919లో జంషెడ్‌జీ టాటా స్మృత్యర్థం ఈ పేరు పెట్టారు. కర్మాగారం దేశం నలుమూలల వారినీ ఇక్కడికి రప్పించింది. సంతాలీ, హో, బెంగాలీ, ఒడియా, పంజాబీ, తెలుగు భాషలు మాట్లాడే కుటుంబాలు ఇక్కడ ఇరుగుపొరుగుగా జీవిస్తున్నాయి.

ఈ నగరం విద్యకూ నెలవే. నిర్వహణ శాస్త్రానికి పేరొందిన ఎక్స్.ఎల్.ఆర్.ఐ. 1949లో స్థాపితమైంది. జాతీయ లోహ పరిశోధనశాలను 1950 నవంబరు 26న జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించారు. ఖర్కాయ్ ఆవలి ఒడ్డున ఆదిత్యపూర్‌లో 1960లో నెలకొన్న ప్రాంతీయ సాంకేతిక విద్యాసంస్థ 2002లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ, అంటే ఎన్.ఐ.టి. అయింది. వీటికి తోడు కొల్హాన్ విశ్వవిద్యాలయం పరిధిలోని కళాశాలలు ఉన్నాయి.

ఇట్టి సంస్థలలో పరిశోధనకు ఆధారం విజ్ఞాన పత్రికలు. ఇవి నేడు చాలావరకు ఎలక్ట్రానిక్ రూపంలోనే వస్తున్నాయి. పూర్వం పత్రికకు చందా కట్టిన గ్రంథాలయానికి ఆ సంచికలు సొంత ఆస్తి అయ్యేవి. నేడు గ్రంథాలయం కొంటున్నది ప్రధానంగా చదువుకొనే హక్కును. ఎవరు చదవవచ్చు, ఎంతకాలం చదవవచ్చు అన్నది ప్రచురణ సంస్థతో కుదుర్చుకొన్న ఒప్పందమే నిర్ణయిస్తుంది.

చిరునామాయే గుర్తింపు

విద్యాసంస్థ ఆవరణలోని కంప్యూటర్లు ఇంటర్నెట్‌ను చేరేటప్పుడు ఆ సంస్థకు కేటాయించిన సంఖ్యారూపమైన చిరునామాతోనే చేరుతాయి. ప్రచురణ సంస్థ ఆ సంఖ్యను చూసి తలుపు తెరుస్తుంది. చదివేవారెవరో దానికి తెలియదు, అడగదు కూడా. ఈ పద్ధతి సులువైనదే. కాని సెలవులకు శ్రీకాకుళం జిల్లాలోని స్వగ్రామానికి వెళ్లిన విద్యార్థి, షిఫ్టు ముగించుకొని రాత్రివేళ ఇంటివద్ద చదువుకొనే ఇంజనీరు, ప్రసూతి సెలవులో ఉన్న అధ్యాపకురాలు తమ సొంత ఫోను ద్వారా అదే పత్రికను తెరిస్తే వ్యాస సంగ్రహం మాత్రమే కనిపిస్తుంది. పూర్తి వ్యాసానికి సొమ్ము చెల్లించవలసిందిగా సూచన వస్తుంది. సంస్థ చందా కట్టింది, వారు ఆ సంస్థ సభ్యులే. అయినా అక్కరకు రాలేదు. 2020 మార్చిలో దేశమంతటా లాక్‌డౌన్ విధించినప్పుడు ఈ ఇబ్బంది ఏ కొందరిదో కాక విద్యాలోకమంతటిదీ అయింది.

మూడు మార్గాలు

ఈ అవరోధాన్ని దాటడానికి ప్రధానంగా మూడు విధానాలు ఉన్నాయి. మొదటిది వి.పి.ఎన్. ఇంటిలోని కంప్యూటరు నుంచి సంస్థ యంత్రజాలం వరకు ఇది ఒక సొరంగ మార్గం వంటిది. ఆ దారిన వెళ్లినవారు ఆవరణలో ఉన్నట్లే లెక్క. అయితే పత్రికలకే గాక సంస్థ లోపలి యంత్రజాలానికి కూడా దారి ఏర్పడుతుంది గనుక భద్రత విషయంలో జాగ్రత్త అవసరం.

రెండవది ప్రాక్సీ, అనగా ప్రతినిధి యంత్రం. చదువరి తన పేరు, రహస్యపదం ఇస్తే అది సభ్యత్వం సరిచూసి, తానే వెళ్లి వ్యాసాన్ని తెచ్చి ఇస్తుంది. 1999లో రూపొందిన ఈజీప్రాక్సీ ఈ కోవలోనిదే.

మూడవది సమాఖ్య విధానం. ఇందులో చదువరి ప్రచురణ సంస్థ పుటలో తన విద్యాసంస్థ పేరు ఎంచుకొంటాడు. ఆ సంస్థ అతణ్ణి గుర్తించి, ఇతడు మావాడేనని ప్రచురణకర్తకు హామీ ఇస్తుంది. పరిచయ లేఖ చూపి పొరుగూరి గ్రంథాలయంలో చదువుకోవడం వంటిదే ఇది. చదువరి పేరు, ఊరు తెలుపకుండా సభ్యుడన్న సంగతి మాత్రమే పంపే వీలుండడం ఇందలి సుగుణం. మన దేశంలో గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడుపుతున్న ఇన్‌ఫెడ్ ఇట్టి సమాఖ్యయే.

అసలు పని జాబితాది

యంత్రం ఏదైనా కావచ్చు. ఎవరు సభ్యులు, ఎవరు కారు అన్న జాబితా సరిగా లేకుంటే మూడు మార్గాలూ వ్యర్థమే. చేరిన విద్యార్థి పేరు నెలల తరబడి నమోదు కాకపోతే అతని హక్కు కాగితానికే పరిమితమవుతుంది. చదువు ముగించి వెళ్లినవారి పేరు తొలగించకపోతే ఒప్పందం ఉల్లంఘించినట్లవుతుంది. కాబట్టి ప్రవేశాల విభాగం, సిబ్బంది విభాగం, గ్రంథాలయం ఒకే పట్టికను ఆధారం చేసుకోవాలి.

రహస్యపదాన్ని స్నేహితునికి ఇవ్వడం చిన్న ఉపకారంగా తోచవచ్చు. కాని దానితో ఎవరైనా వేలాది వ్యాసాలను ఒక్కపెట్టున దింపుకొంటే ప్రచురణ సంస్థ ఆ వ్యక్తిని గాక, సంస్థ చిరునామానే నిలిపివేయవచ్చు. మరునాడు సిద్ధాంత వ్యాసం సమర్పించవలసిన విద్యార్థి ఆ శిక్ష అనుభవిస్తాడు. ఈ సంగతిని గ్రంథాలయాధికారి నిబంధనల పత్రంలో ముద్రించి ఊరుకోక, విద్యార్థులకు అర్థమయ్యే భాషలో విడమరచి చెప్పాలి.

దేశానికంతటికీ ఒకే చందా

కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకాన్ని ఆమోదించింది. 2025 నుంచి మూడు సంవత్సరాలకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. 30 అంతర్జాతీయ ప్రచురణ సంస్థల సుమారు 13,000 పత్రికలను 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందించడం దీని లక్ష్యం. నిర్వహణ బాధ్యత ఇన్‌ఫ్లిబ్‌నెట్‌దే. కేంద్ర సంస్థలకే గాక రాష్ట్ర ప్రభుత్వ సంస్థలకు కూడా ఇది వర్తించడం గమనార్హం. పెద్ద సంస్థకు అందే పత్రిక చిన్న పట్టణపు ప్రభుత్వ కళాశాలకూ అందాలన్నదే ఇందలి ఆశయం. అయితే ఈ పథకం ప్రభుత్వ సంస్థలకు ఉద్దేశించినది. ప్రైవేటు విద్యాసంస్థలు తమ చందాలు తామే కట్టుకోవాలి. ఏ సంస్థకూ చెందని పరిశోధకుడు, ఉద్యోగ విరమణ చేసిన అధ్యాపకుడు ఇంకా గడప వెలుపలే ఉన్నారు. ఒప్పందం అనుమతించినచోట గ్రంథాలయానికి స్వయంగా వచ్చి చదువుకొనే సదుపాయం వారికి కొంత ఊరట.

పత్రికలకు దేశం సొమ్ము చెల్లించింది. ఆ పత్రిక చదువరి చేతికి చేరేదీ లేనిదీ ప్రతి కళాశాలలోనూ నమోదు సకాలంలో జరగడంపైన, సిబ్బంది శిక్షణపైన ఆధారపడి ఉంటుంది. ఒక ఊరిలోనే ఇన్ని విధాల సంస్థలున్న జంషెడ్‌పూర్ వంటి చోట గ్రంథాలయాధికారులు తమ అనుభవాలను పరస్పరం పంచుకొంటే ఈ పని మరింత సుగమం కాగలదు.