మనోవ్యధకు ఊఱట చెప్పువారి సన్నదు



వ్యాజ్యము నడుపు ప్లీడరునకు సన్నదు కావలెను. మందిచ్చు వైద్యునకు పట్టా కావలెను. బస్సు నడుపువానికి లైసెన్సు లేకపోయినచో పోలీసువారు ఊరకుందురా? మఱి మనుష్యుని మనసునే చేతిలోనికి తీసికొని, "నీ దుఃఖము నాతో చెప్పుము, నేను దారి చూపెదను" అనువానికి ఏ సన్నదు కావలెను? ఆ పనిచేయువానిని నేడు కౌన్సెలరు అనుచున్నారు. పట్టణములలో వీధివీధిని ఈ బోర్డులు కనబడుచున్నవి. కావున నేడు ఈ విషయమును గుఱించి మీకు విన్నవించుకొందును.

నేను ఈ సంగతి విచారించుటకు కారణమొకటి కలదు. పోయిన వేసవిలో నా పూర్వశిష్యుడొకడు తన కుమార్తెను వెంటబెట్టుకొని మా యింటికి వచ్చెను. ఆ బాలిక ఇంటర్మీడియేటు ముగించినది. "తాతగారూ, మనసు బాగులేనివారికి సాయపడు చదువు చదువవలెనని యున్నది" అనెను. తండ్రి చేతిలో నొక కరపత్రమున్నది. ఒక పట్టణమునందలి సంస్థవారు ఆఱు మాసములలో కౌన్సెలరుగా తయారుచేసి లైసెన్సు చేతికిత్తుమని అందు అచ్చువేసిరి. రుసుము 40,000 రూపాయలు. "మాస్టారూ, కట్టమందురా?" అని యతడడిగెను.

నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. ఏలయన, ఈ తండ్రియే బాలుడుగా నున్నపుడు నేనతనికి సన్నదు లేని వైద్యము చేసినవాడను. అతని అనుమతితోనే ఆ కథ చెప్పుచున్నాను.

అప్పుడతడు పదవ తరగతి. చురుకైన పిల్లవాడు. ఉన్నట్టుండి తిండి తగ్గెను, నిద్ర తప్పెను, గోడవైపు చూచుచు కూర్చుండెడివాడు. తండ్రి నాయొద్దకు తీసికొని వచ్చి, "పంతులుగారూ, వీనికి నాలుగు మంచిమాటలు చెప్పుడు" అనెను. నేను అర్జునుని విషాదమును, శ్రీకృష్ణుని బోధమును గంటసేపు వివరించితిని. బాలుడు తలవంచుకొని వినెను, పాదములకు మ్రొక్కి వెడలెను. కార్యము నెఱవేరినదని నేను సంతోషించితిని. నెల తిరుగకమున్నే యొక రాత్రి అతడు ప్రాణము తీసికొనబోగా ఇరుగుపొరుగువారు చూచి కాపాడిరి. పిమ్మట ప్రభుత్వ చికిత్సాలయమున కొన్ని మాసములు మందును, మాటయు రెండును నడచిన మీదట తేఱుకొనెను.

కొంతకాలమునకు నేనతనిని అడిగితిని: "ఆనాడు నేను చెప్పినదానిలో తప్పేమి?" అతడిట్లనెను: "తప్పేమియు లేదు మాస్టారూ. మీరంత బాగుగా చెప్పినను నా మనసు కుదుటపడలేదు గనుక, దోషము నాయందే యున్నదనుకొంటిని. ఆసుపత్రిలోని ఆమె నన్నొక ప్రశ్న అడిగినది. చచ్చిపోవలెనని యున్నదా అని. అంతవఱకు ఎవ్వరును అడుగలేదు."

గంటసేపు మాటలాడిన నేను ఒక్క ప్రశ్న యడుగలేదు. అడిగినచో లేని తలంపు పుట్టించినవారమగుదుమని మనము వెఱతుము. అది నిజము కాదని ఈ శాస్త్రమెఱిగినవారు చెప్పుదురు. మృదువుగా, సూటిగా అడిగినచో రోగికి బరువు తగ్గును. ఎప్పుడు అడుగవలెనో, విన్నపిదప ఏమి చేయవలెనో తెలియుటయే ఆ విద్య. ఓదార్పు అందఱును చెప్పవచ్చును, చెప్పవలెను కూడ. చికిత్స వేఱు.

ఇక మన దేశమున చట్టమేమనుచున్నదో చూతము. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 2017లో చేయబడి 2018లో అమలునకు వచ్చినది. అందు మనోరోగులకు సేవచేయువారిని తరగతులుగా నిర్వచించిరి. వారిలో నలుగురిని మనము ముఖ్యముగా ఎఱుగవలెను.

మొదటివాడు మనోరోగవైద్యుడు. ఇతడు ఎం.బి.బి.ఎస్. చదివి, ఆపైని మనోవైద్యమున ప్రత్యేకవిద్య పొందిన డాక్టరు. మందులు వ్రాయునది ఇతడే. రెండవవాడు క్లినికల్ సైకాలజిస్టు, అనగా చికిత్సకు సంబంధించిన మనస్తత్త్వవేత్త. ఇతడు పరీక్షలచేతను, సంభాషణచేతను చికిత్సచేయును. మందులు వ్రాయుట ఇతని పని కాదు. మూడవవాడు మనోరోగుల కుటుంబమును, జీవనమును చక్కదిద్దు సోషల్ వర్కరు. నాలుగవది మనోరోగుల సేవయందు శిక్షణ పొందిన నర్సు. చివరి మువ్వురును రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థయొద్ద పేరు నమోదు చేయించుకొనవలెనని ఆ చట్టము విధించినది.

మాటచేత చికిత్సచేయు విద్య మన ప్రస్తుతవిషయము గనుక రెండవవాని మార్గమును కొంచెము వివరింతును. ముందు పట్టభద్రుడు కావలెను. పిమ్మట మనస్తత్త్వశాస్త్రమున రెండేండ్ల ఎం.ఏ. లేక ఎం.ఎస్‌సి. పూర్తిచేయవలెను. ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయములలో ఈ శాస్త్రము బోధింపబడుచున్నది. ఇంతటితో చికిత్సకు అధికారము రాదు. ఇచ్చటనే పలువురు పొరపడుచున్నారు. ఎం.ఏ. చదివినవాడు శాస్త్రమెఱిగినవాడు, ఈత గుఱించి పుస్తకము చదివినవానివంటివాడు. నీటిలో దిగుట ఇంకను మిగిలియున్నది.

ఆ దిగుటకే రెండేండ్ల పూర్తికాల శిక్షణ ఏర్పాటైనది. ఎం.ఫిల్. అను పేర ఇది చిరకాలము నడచినది. బెంగుళూరునందలి నిమ్‌హాన్స్, రాంచీయందలి కేంద్రీయ మనోవైద్య సంస్థ ఇందునకు పేరెన్నికగన్నవి. ఇందు శిష్యుడు నిజమైన రోగులను గురువు కనుసన్నలయందు చూచును. రోగి చరిత్రము వ్రాయును, పరీక్షలు చేయును, మాటలాడినది గురువునకు నివేదించును. "ఇచ్చట నీవు తొందరపడితివి, ఇచ్చట నీ స్వంతదుఃఖమును రోగిదానితో కలిపితివి" అని గురువు దిద్దును. గళపాఠము తప్పినపుడు గురువు తొడమీద తాళమువేసి సరిచేయునట్లే యిదియును. విషాదముగా తోచునది ఒక్కొక్కపుడు థైరాయిడు గ్రంథి దోషమై యుండవచ్చును. అట్టివానిని మాటలతో కాలయాపనము చేయక డాక్టరునొద్దకు పంపవలెను. ఇట్టి వివేకము గ్రంథమువలన రాదు.

ఈ శిక్షణ ముగించినవారు భారత పునరావాస మండలి, అనగా రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా వారి కేంద్ర రిజిస్టరులో పేరు వ్రాయించుకొనవలెను. ఆ మండలి 1992 నాటి చట్టమువలన ఏర్పడినది. నమోదైనవారికి ఒక సంఖ్య యిత్తురు. ఇదియే ఇతని సన్నదు. నమోదు లేక ఆ వృత్తి చేయువారికి ఒక సంవత్సరమువఱకు కారాగారము గాని, 1,000 రూపాయలవఱకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చునని ఆ చట్టమున నున్నది. నమోదు శాశ్వతము కాదు. కొత్తవిషయములు నేర్చినట్లు చూపి మరల మరల పొడిగించుకొనవలెను.

ఇచ్చట నొక హెచ్చరిక. ఎం.ఫిల్. పట్టమును విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘమువారు 2022 నిబంధనలచే తీసివేసిరి. ఈ చికిత్సావిద్యకు మాత్రము గడువు పొడిగించి, 2025-26 విద్యాసంవత్సరమువఱకు చేర్చుకొనవచ్చుననిరి. కావున మార్గము పేరు మాఱుచున్నది. రుసుము కట్టకమున్నే, ఆ కోర్సునకు ఆ సంవత్సరమున పునరావాస మండలి ఆమోదము కలదా యని విచారించి తీఱవలెను.

అట్లయిన ఉత్త కౌన్సెలరు అనువాని సంగతియేమి? పాఠశాలలలోను, కుటుంబకలహములలోను, తాగుడు మాన్పించుటలోను సలహాచెప్పువారు పెక్కురు కలరు. వారిలో సమర్థులును కలరు. అయినను చిరకాలముగా మన దేశమున కౌన్సెలరు అను పేరునకు ప్రత్యేకమైన కాపుదల లేకపోయెను. ప్లీడరు అని బోర్డు కట్టినచో అడుగుదురు; కౌన్సెలరు అని కట్టినచో అడుగువాడు లేడు. ఈ లోపమును తీర్చుటకే పార్లమెంటు 2021లో అనుబంధ ఆరోగ్యవృత్తుల చట్టము చేసినది. అందలి పట్టికలో మనస్తత్త్వవేత్తలు, ఆరోగ్య కౌన్సెలర్లు, సోషల్ వర్కర్లు చేరియున్నారు. ఆరోగ్యవృత్తి నిపుణుడనిపించుకొనుటకు మూడు మొదలు ఆఱేండ్లలో 3,600 గంటలకు తక్కువకాని డిగ్రీ చదువు ఉండవలెనని అందు విధించిరి. కేంద్రమున ఒక కమిషనును, రాష్ట్రములందు మండలులును రిజిస్టర్లు ఉంచవలెననిరి. చట్టము పుట్టుటయు, అది ఊరూర వేళ్లు తన్నుటయు ఒక్కనాటి పనులు కావు. అయినను దారి ఎటుపోవుచున్నదో స్పష్టము.

ఆ దారిలోనే మఱియొక నిర్ణయము వచ్చినది. ఆ చట్టము క్రిందికి వచ్చు చదువులను, మనస్తత్త్వశాస్త్రముతో సహా, 2025 జులై-ఆగస్టు ప్రవేశములనుండి దూరవిద్యగాను, ఆన్‌లైనుగాను చెప్పరాదని గ్రాంట్ల సంఘమువారు నిషేధించిరి. తపాలాలో వచ్చు పాఠములతో ఈ విద్య అబ్బదని భావము. ఇక ఆఱు మాసముల సర్టిఫికేటు నిచ్చువారు దానిని లైసెన్సు అనుట ఎట్టిదో మీరే యూహించుకొనుడు. అది నేర్చుకొనుటకు పనికిరావచ్చును. అధికారము మాత్రము ఈయజాలదు.

మన బిడ్డలు పెక్కండ్రు అమెరికాలో నున్నారు గనుక అచ్చటి పద్ధతి కూడ ఒక మాట. అచ్చట "లైసెన్సుడ్ ప్రొఫెషనల్ కౌన్సెలరు" అను పేరునకు చట్టమే కావలి. ఇట్టి చట్టము మొదట 1976లో వర్జీనియా రాష్ట్రము చేసినది. కడపట 2009లో కాలిఫోర్నియా చేసినది. ఏ రాష్ట్రమునకు ఆ రాష్ట్రమే నియమములు పెట్టును. స్థూలముగా, కౌన్సెలింగునందు మాస్టరు డిగ్రీ, పిమ్మట పెద్దల పర్యవేక్షణలో పలు రాష్ట్రములందు 2,000 మొదలు 4,000 గంటల పని, ఆపైని పరీక్ష, అటుపిమ్మట లైసెన్సు. మన దేశపు డిగ్రీ తీసికొని వెళ్లినవారును ఆ రాష్ట్రపు బోర్డు నియమములు తీర్చవలసినదే. దేశములు వేఱైనను క్రమము ఒక్కటే: చదువు, గురువు కనుసన్నల అభ్యాసము, రిజిస్టరు.

కావున మీ యింటివారిని ఎవరియొద్దకైన తీసికొనిపోవునపుడు మూడు ప్రశ్నలడుగుడు. అయ్యా, తమరేమి చదివితిరి? ఎవరి పర్యవేక్షణలో ఎంతకాలము అభ్యసించితిరి? ఏ రిజిస్టరులో తమ పేరున్నది, సంఖ్య యెంత? పునరావాస మండలి సంఖ్యను వారి అంతర్జాల పట్టికలో సరిచూడవచ్చును. మీకు తెలియనిచో ఇంట చదువుకొన్న పిల్లలచే చూపించుకొనుడు. యోగ్యుడైనవాడు ఈ ప్రశ్నలకు కోపగింపడు. మఱియు, రోగి చెప్పినది రహస్యముగా నుంచుట 2017 నాటి చట్టమువలన రోగికి గల హక్కు; ప్రాణాపాయమువంటి కొన్ని సందర్భములే దానికి మినహాయింపు. ఇతరుల కథలను పేర్లతో మీయెదుట చెప్పువాడు మీ కథను మఱియొకరియెదుట చెప్పును.

యోగ్యులు దూరముననున్నారని నిరాశ వలదు. హైదరాబాదు ఎఱ్ఱగడ్డలోను, విశాఖపట్టణములోను ప్రభుత్వ మానసిక చికిత్సాలయములు కలవు. 2022 అక్టోబరు 10వ తేదీన భారతప్రభుత్వము టెలి-మానస్ అను సేవను ప్రారంభించినది. 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో రుసుము లేక రాత్రింబవళ్లు మాటలాడువారుందురు. ఈ సంఖ్యను ఇంటిగోడమీద పంచాంగము ప్రక్కన వ్రాసియుంచుడు.

ఇక ఆ బాలిక సంగతి. ఆఱు మాసముల సంస్థకు డబ్బు కట్టలేదు. ఆమె మనస్తత్త్వశాస్త్రము ఒక పాఠ్యాంశముగా గల డిగ్రీలో చేరినది. "చాల ఏండ్లు పట్టును గదా తాతగారూ" అని యడిగినది. "అమ్మా, మీ తండ్రిని ఒక్క ప్రశ్నతో నిలిపిన ఆమెకును అన్ని యేండ్లు పట్టియుండును" అంటిని. తండ్రి మాటలాడక కుమార్తె తలమీద చేయివేసెను.

పెద్దలారా, మన యెదుటికి దుఃఖముతో వచ్చినవానికి మంచిమాట చెప్పకుండ నుండవలదు. అయితే ముందు వానిని అడుగుడు, వినుడు. మన మాటకు అందని వ్యధయని తోచినపుడు, సన్నదుగలవారి వాకిటివఱకు తోడుగా నడువుడు. ఆనాడు నేను చేయవలసియుండి చేయనిపని అదియే.

సెలవు.